గుడ్డకి అటూ ఇటూ

పోయినవారం పిచ్చుకని ఒక పెద్దింటి హాల్లో, సగం తెరిచిన నోటితో అలాగే వదిలేసి వెళ్ళిపోయాం. పాపం అనుకోనక్కర్లేదు. ఆ నోరు చేసిన నిర్వాకానికి ఇంకో వారం అలాగే ఉంచినా తప్పులేదు.

జరిగింది ఇదీ. పిచ్చుక దీపాలు చేస్తుంది. చిన్నప్పుడు ఒకచోట కుదురుగా కూర్చునేది కాదని అక్క పెట్టిన పేరది. బయట మాత్రం అందరికీ డిజైనర్ గారు. మూడు కాళ్ళ మీద లేచి, మనిషి తలదాకా ఎదిగి, పైకి వచ్చేసరికి కాస్త ముందుకి వంగే చెక్క స్టాండు ఆమె గీసింది. దాని మీద చేత్తో అద్దకం వేసిన పలచని నూలుగుడ్డ షేడు, సన్నసన్నటి కుచ్చిళ్ళతో, అక్క కుట్టింది. పిచ్చుక దాన్ని షేడ్ అంటుంది. అక్క టోపీ అంటుంది. టోపీ అనకే బాబూ అని మొత్తుకుంటే, నెత్తిన పెట్టేదాన్ని టోపీ అనక చెప్పు అంటారా అని అక్క ఎదురు అడుగుతుంది.

కొత్తగా హోటలు కట్టిస్తున్న ఒకావిడ ఆ ఫ్లోర్ ల్యాంపుని చూసి ముచ్చటపడింది. ముందు ఒకటి నా ఇంట్లో పెట్టండి, నచ్చితే హోటల్లో గదికొకటి అంది. పెట్టారు. వెలిగించనంతసేపూ దీపం రాణిలా ఉంది. వెలిగించాక గోడ మీద గుండ్రంగా పడాల్సిన వెలుగు ఒక పక్కన సొట్టపోయింది. ఆ పక్క గుడ్డ జారింది. బాగుచేయడానికి అక్క రాక తప్పలేదు. రంగులు వెలిసిన గుడ్డసంచీ భుజాన వేసుకుని, చొక్కా చేతికి సూదులు గుచ్చుకుని అక్క హాల్లో అడుగుపెట్టగానే, ఇంటావిడ ఈవిడెవరు అని అడిగింది. పిచ్చుక నోట్లోంచి ఊడిపడ్డ జవాబు, "మా దగ్గర కుట్టుపని చేస్తుందండీ."

అక్క విన్నది. అక్కడ ఆపాం.

విన్న మనిషి ఏం చేసిందంటే, నవ్వింది. కోపంతో నవ్వే నవ్వు కాదు, మామూలుగా నవ్వింది. తర్వాత చేతులు కట్టుకుని, పిచ్చుక వైపు తిరిగి, "ఎక్కడ కూర్చోమంటారు మేడం?" అని అడిగింది.

పిచ్చుకకి తల కొట్టేసినట్టయింది. పొద్దున ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు అక్క ఇదే నోటితో ఆమెని మొద్దుమొహమా అని పిలిచింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఏమే, ఒసే, పిచ్చుకా అనడమే తప్ప మీరు అన్న మాట ఆ నోట రాలేదు. ఇప్పుడా 'మేడం' ఎంత నున్నగా వచ్చిందంటే, విన్నవాళ్ళెవరైనా ఇది ఏళ్ళ తరబడి అలవాటైన పిలుపే అనుకుంటారు. ఇంటావిడ అలాగే అనుకుంది. ఎంత ఒద్దికైన మనిషి దొరికిందండీ మీకు అని పిచ్చుకని మెచ్చుకుంది కూడా. అక్కని ఒద్దికైన మనిషి అన్నది భూమ్మీద ఆవిడ ఒక్కతే.

వెలుగు బాగా తెలియాలని ఇంటావిడ కిటికీ తెరలన్నీ లాగి మూసేసింది. పిచ్చుక దీపం మధ్యలో ఉన్న మర తిప్పి, పొడుగు కాడ ఊడదీసి పక్కన పెట్టింది. అలా తీయడానికి వీలుగా తనే గీసుకుంది మరి. కాడ తీసేస్తే దీపం కూర్చున్న మనిషి ముఖమంత ఎత్తుకి దిగుతుంది. అక్క నేలమీద బాసింపట్టు వేసుకుని సంచీలోంచి కత్తెర, దారపుండ తీసింది. ఇంటావిడ పిచ్చుకకి సోఫా చూపించి, మీరు ఇలా రండి, ఆవిడ చేసుకుంటుంది కదా అంది. పిచ్చుక, సిగ్గు లేకపోతే సరి, రెండడుగులు సోఫా వైపు వేసింది కూడా.

అక్క తల ఎత్తకుండానే చెప్పింది. ఇది ఒక్కరు చేసే పని కాదు, మేడంగారు అవతల కూర్చోవాలి అని.

నిజమే. ఈ టోపీల పనిలో ఉన్న తిరకాసే అది. పైన ఒక ఇనప వలయం, కింద ఒక వలయం, మధ్యలో తీగలు. దాని చుట్టూ గుడ్డని కుచ్చులు పోసి బిగించాలి. ఒకరు ఇవతల కుచ్చు లాగి కుట్టేటప్పుడు, రెండోవారు సరిగ్గా దానికి ఎదురుగా అంతే బలంతో లాగి కుట్టాలి. ఇద్దరూ కలిసి మొదలుపెట్టి, కలిసి జరుగుతూ, కలిసి ముగించాలి. ఒకరి పట్టు ఎక్కువై ఇంకొకరిది తక్కువైతే గుడ్డ ఓ పక్కకి ఈడుస్తుంది. చీకట్లో అది కనపడదు, దీపం వెలిగించగానే ఊరంతటికీ కనపడుతుంది. అందుకే వాళ్ళ అమ్మా నాన్నా ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. అలిగిన చేత్తో సూది పట్టకూడదు. ఇద్దరికీ మాటా మాటా వస్తే టోపీ పక్కన పెట్టి, ఆ గొడవేదో తేల్చుకుని, అప్పుడు కూర్చునేవాళ్ళు. ఒకసారి ఆ గొడవ తేలక, తీసుకెళ్ళాల్సినాయన గుమ్మంలో నిలబడి ఇద్దరికీ రాజీ కుదిర్చి మరీ టోపీ పట్టుకెళ్ళాడట.

ఈ టోపీ సొట్టపోయిందంటే కారణం అదే. చివరి నాలుగు వేళ్ళ మేర మిగిలి ఉండగా అక్కాచెల్లెళ్ళకి గొడవైంది. పిచ్చుక స్టాండు గొప్పలు చెప్పుకుంటుంటే, వంగిన కొంగలా ఉందే అని అక్క అంది. నవ్వుకి అన్న మాటే. పిచ్చుకకి ముక్కుమీద కోపం. కొంగేమిటి, కొంగ, నీకేం తెలుసు అని ఎగిరింది. అక్క కత్తెర పక్కన పడేసి, నీ అలక తీరాక పిలువు అని లేచిపోయింది. పిచ్చుక పిలవలేదు. చట్రాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, ఆ నాలుగు వేళ్ళూ ఒక్కతే కుట్టేసి, పెట్టెలో పెట్టి పంపించేసింది. వెలిగించి చూసుకోవాలన్న జ్ఞానం కూడా లేకపోయింది. ఆ ఇంట పుట్టిన పిల్ల చేయవలసిన పనేనా అది?

సరే, కూర్చుంది. దీపానికి ఇవతల అక్క, అవతల పిచ్చుక. మధ్యలో వెలుగుతున్న గుడ్డ. అటువైపు మనిషి ఇటువైపుకి నీడలా కనపడుతుంది గాని ముఖం తెలియదు. చిన్నప్పట్నుంచీ వాళ్ళ కబుర్లన్నీ ఇలాగే జరిగాయి. ఎవరికి ఎవరు నచ్చారో, ఎవరు పరీక్ష తప్పారో, అమ్మకి జ్వరమెందుకు తగ్గడం లేదో, అన్నీ గుడ్డకి అటూ ఇటూ కూర్చుని చెప్పుకున్నవే. ముఖం కనపడకపోతే మాట తేలిగ్గా వస్తుంది. ఈరోజు మాత్రం రాలేదు.

ఇంటావిడకి ఫోనొచ్చింది. మాట్లాడుకుంటూ లోపలికి వెళ్ళింది.

ఆ గుమ్మం దాటగానే పిచ్చుక గొంతు తగ్గించి, నోరు జారిందక్కా అంది. కావాలని అన్నది కాదు. ఆవిడ ఠక్కున అడిగేసరికి కంగారులో వచ్చేసింది. ఒట్టు. అక్క జారిన కుట్లు ఒక్కొక్కటే విప్పుతోంది. పిచ్చుక మళ్ళీ చెప్పింది. మళ్ళీ చెప్పేటప్పటికి ముక్కు ఎగబీల్చుకుంది.

"కాలు జారితే నడుం విరిగేది," అంది అక్క. "నోరే కదా, ఏడవకు. గుడ్డ మీద కన్నీళ్ళు పడితే అద్దకం మరకలవుతుంది."

పిచ్చుకకి ప్రాణం లేచొచ్చింది. అక్క అంతటితో ఊరుకోలేదు. మేడం, మేడం అని తనకీ సరదాగానే ఉందనీ, ఇంటికెళ్ళాక అన్నం వడ్డించమంటే కూడా ఇలాగే అడగాలేమోననీ కాసేపు ఆటపట్టించింది. ఆ తర్వాత దారం సూదికెక్కిస్తూ, అదే గొంతుతో, అసలు మాట చెప్పింది. ఆవిడ తిరిగి రాగానే చెప్పేయ్. ఈవిడ మా అక్కండీ, తత్తరపాటులో ఏదో అన్నాను అని నవ్వేయ్. ఆవిడా నవ్వేస్తుంది.

పిచ్చుక తల ఊపింది. గుడ్డ వెనక తల ఊపితే అక్కకి తెలుస్తుంది.

"కుట్టు అయ్యేలోగా చెప్పు," అంది అక్క. "చెప్పకపోతే కుట్టుపనికి వచ్చిన మనిషిలాగే లేచి వెళ్తాను. కాని మళ్ళీ నీకెదురుగా కూర్చోను. అది మాత్రం గుర్తుపెట్టుకో."

అక్క బెదిరించే మనిషి కాదు. అన్న మాట అన్నట్టు చేసే మనిషి. చెప్పింది కూడా బెదిరింపులా చెప్పలేదు, వాన పడితే గొడుగు పట్టుకెళ్ళు అన్నంత మామూలుగా చెప్పింది. చెప్పడానికి అంత కష్టమేముంది, ఒక్క మాటేగా అని మీరనుకోవచ్చు. ఒక్క మాటైతే ఆమె ఎప్పుడో అనేసేదే. అక్కకి తెలియని రెండో మాట ఇంకోటి ఉంది. అది ఇవాళ జారింది కాదు.

మొదటిసారి ఇంటావిడ దీపం చూడటానికి వచ్చినప్పుడు, ఇంత చక్కటి పని ఎవరి దగ్గర నేర్చుకున్నారు అని అడిగింది. ఆ క్షణంలో పిచ్చుక కళ్ళముందు వాళ్ళ పాత ఇల్లు మెదిలింది. సైకిలు రిపేరు కొట్టు వెనక రెండు గదులు. నేలంతా దారప్పోగులు, గుడ్డ పేలికలు. అన్నం తింటుంటే పళ్ళెంలో దారం వచ్చేది. బళ్ళో పిల్లలు ఆమె జడకి అంటుకున్న పోగులు ఏరి నవ్వేవాళ్ళు. నాన్న వీధిలో టోపీలు మోసుకుంటూ ఎదురైతే ఆమె పక్క సందులోకి తిరిగేది. అవన్నీ ఒక్క తోపున పక్కకి నెట్టేసింది. నాకెవరూ నేర్పలేదండీ, నేనే కనిపెట్టుకున్నాను అంది. మీ వాళ్ళు అని ఆవిడ మళ్ళీ అడిగితే, అమ్మా నాన్నా ఆఫీసు ఉద్యోగాలు చేసేవాళ్ళు, ఇద్దరూ పోయారు, నేను ఒక్కదాన్నే అని చెప్పింది. అలా చెప్పగానే ఇంటావిడ ఎంత ఆశ్చర్యపోయింది, ఎంత ఆప్యాయంగా చెయ్యి పట్టుకుంది! ఒంటరి మనిషి ఒంటిచేత్తో పైకి వచ్చిన కథ ఎవరికైనా ముద్దొస్తుంది. పిచ్చుకకే ముద్దొచ్చింది. నిజం చెప్పాలంటే రెండుమూడు రోజులు ఆ కథలోనే తిరిగింది.

అందుకని ఇప్పుడు ఈవిడ మా అక్క అంటే, ఒక అబద్ధం తీసి ఇంకో అబద్ధాన్ని బయటపెట్టడమే అవుతుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని ఊరికే అనలేదు పెద్దలు.

ఇంటావిడ టీ పట్టుకుని తనే వచ్చింది. మూడు కప్పులు, మూడూ ఒకే రకం. ఆవిడ మంచి మనిషి, అదే వచ్చిన చిక్కు. దుష్టురాలైతే పిచ్చుక పని తేలికయ్యేది. ఒక కప్పు అక్క ముందు పెట్టబోతుంటే పిచ్చుకకి ఒకటే గుర్తొచ్చింది. అక్క టీని సాసర్లో పోసుకుని, వీధి చివరిదాకా వినపడేలా జుర్రుకుంటుంది. ఈ పాలరాతి హాల్లో ఆ చప్పుడు. అనుకున్నంతలోనే నోరు అనేసింది, ఆవిడకి వద్దండీ, పని మధ్యలో తాగదు అని. ఈసారి నోరు జారిందని సరిపెట్టుకోవడానికి లేదు. పొద్దుట్నుంచి అక్క పచ్చి మంచినీళ్ళు ముట్టలేదని ఆమెకి తెలుసు. మేడంగారు సరిగ్గా చెప్పారండీ అని అక్క కప్పు పక్కకి జరిపింది.

ఇంటావిడ ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇద్దరి చేతులూ ఒకే లయలో కదలడం చూసి ముచ్చటపడింది. ఎన్నాళ్ళ నుంచి పనిచేస్తున్నావమ్మా అని అక్కని అడిగింది. చాలా రోజులైందండీ, మేడంగారు ఇంత ఉన్నప్పట్నుంచి అని అక్క చెయ్యి నేలకి కాస్త ఎత్తులో పెట్టి చూపించింది. ఇంటావిడ అదేదో హాస్యమనుకుని నవ్వింది. పిచ్చుక తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని కుడుతూనే ఉంది. ఇప్పుడే చెప్పేయాలి, ఈ కుచ్చు అవగానే, కాదు, దీని పక్క కుచ్చు అవగానే. కుచ్చు తర్వాత కుచ్చు అయిపోతోంది గాని మాట బయటికి రావడం లేదు. గుడ్డ అవతల అక్క నీడ అప్పుడప్పుడు ఆగి, ఎదురుచూసి, మళ్ళీ కదులుతోంది.

అప్పుడు ఇంటావిడ, ఏ పాపమూ తెలియకుండా, ఆ మాట అనేసింది.

"నువ్వు తోడుండటం మంచిదేనమ్మా. పాపం, మీ మేడంకి నా అన్నవాళ్ళే లేరు కదా. ఒక్కతే పుట్టి, ఒక్కతే పెరిగి, ఎవరూ చెప్పకుండా ఇంత పని నేర్చుకుంది."

అక్క చెయ్యి ఆగింది.

వాళ్ళ పనిలో ఒక అలవాటుంది. నోట్లో దారమో సూదో ఉంటుంది కాబట్టి మాటలకి బదులు వలయం మీద వేలితో తడతారు. ఒకసారి తడితే ఇంకా లాగమని. రెండుసార్లు తడితే వదలమని. పిచ్చుక చేతిలో ఉన్న గుడ్డ బిగుసుకుపోయి ఉంది. భయంతో ఎంత లాగుతోందో ఆమెకే తెలియలేదు. అవతల్నుంచి అక్క రెండుసార్లు తట్టింది. పిచ్చుక వదిలింది. అక్క మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది. కుట్టు ఏమాత్రం తప్పలేదు.

ఇంటావిడని ఎవరో లోపల్నుంచి పిలిచారు. ఆవిడ లేచి వెళ్ళింది. పిచ్చుకకి భూమి చీలితే బావుణ్ణనిపించింది. చీలలేదు. పాలరాయి, అంత తేలిగ్గా చీలదు.

"అమ్మా నాన్నల గురించి ఏం చెప్పావు?" అంది అక్క. గొంతులో కోపం లేదు. అదే పిచ్చుకని చంపేసింది.

చెప్పక తప్పలేదు. ఆఫీసు ఉద్యోగాలని చెప్పింది.

అక్క కుచ్చు ఒకటి సర్దింది. "మంచి ఉద్యోగమే ఇచ్చావులే," అంది. "బతికుండగా నాన్నకి కుర్చీలో కూర్చునే యోగం పట్టలేదు. నడుం నొప్పని ఎప్పుడూ గోడకి చేరగిలబడేవాడు."

పిచ్చుక కళ్ళనుంచి నీళ్ళు బొటబొటా కారాయి. గుడ్డ మీద పడకుండా మోచేత్తో తుడుచుకుంది. నాన్న ఎదురైతే సందులోకి తిరిగిన సంగతి నాన్నకి తెలుసా అన్నది ఆమెకి ఇన్నేళ్ళూ తేలని అనుమానం. అడగటానికి ఇప్పుడు నాన్న లేడు. అక్కకి తెలిసే ఉంటుంది. నాన్న చెప్పే ఉంటాడు. చెప్పి, దాన్నేమీ అనకే, చిన్నది అని కూడా అనే ఉంటాడు. పిచ్చుకకి ఒళ్ళంతా సిగ్గుతో కాలిపోయింది. అక్కా, చెప్తాను, ఆవిడ రాగానే అన్నీ చెప్తాను అని గుడ్డకేసి గొణిగింది. అవతల సూది ఆగలేదు. ఇంకో రెండు కుచ్చులు మాత్రం మిగిలాయి.

అవి కూడా అయిపోయాయి. పిచ్చుక అప్పటికీ చివరి ముడి వేయకుండా కాసేపు చేత్తో పట్టుకుని కూర్చుంది. పట్టుకుని ఉన్నంతసేపూ పని అయినట్టు కాదు కదా. అక్క తన వైపు ముడి వేసేసి, దారం పళ్ళతో తెంపుకుని, కత్తెర సంచీలో పెట్టుకుంది. అప్పుడే ఇంటావిడ తిరిగొచ్చింది.

పిచ్చుక కూడా ముడి వేయక తప్పలేదు. కాడ మళ్ళీ బిగించి దీపాన్ని నిలబెట్టారు. వెలిగించారు. గోడ మీద వెలుగు గుండ్రంగా, గీత గీసినట్టు పడింది. ఎక్కడా సొట్ట లేదు. కుచ్చిళ్ళ మధ్యనుంచి అద్దకం రంగు పైకప్పు దాకా పాకింది. ఇంటావిడ చప్పట్లు కొట్టింది. ఇంక ఆలోచించేదేమీ లేదనీ, ప్రతి గదికీ ఇదే కావాలనీ, హోటలు తెరిచేరోజు అందరికీ పిచ్చుకని తనే పరిచయం చేస్తాననీ ఒక్క ఊపున చెప్పేసింది. ఫోను తీసి, దీపం పక్కన నిలబడండి, ఫొటో తీస్తాను అంది. పిచ్చుక నిలబడింది. ఫోనులోంచి చూస్తూ ఇంటావిడ చెయ్యి ఊపింది.

"కొంచెం అటు జరుగమ్మా. నువ్వు అడ్డొస్తున్నావు."

అక్క జరిగింది. సంచీ తీసుకుని గోడ వారకి ఒదిగి నిలబడింది. ఇంటావిడ మళ్ళీ చెయ్యి ఊపితే ఇంకా జరిగింది.

ఎక్కణ్ణుంచి వచ్చిందో ధైర్యం, పిచ్చుక దీపం పక్కనుంచి వచ్చేసి అక్క చెయ్యి పట్టుకుంది.

"ఈవిడ మా అక్కండీ," అంది. "సొంత అక్క. షేడు కుట్టింది ఈవిడే."

అనేసింది. అనాల్సినప్పుడు అనలేదు. పని కుదిరి, పొగడ్తలన్నీ అయ్యాక అన్న మాట అది. కుట్టు అయ్యేలోగా అన్నది అక్క. కుట్టు అయిపోయింది. అయినా అన్నది కదా అని సంతోషించేలోగా ఇంటావిడ ఫోను దించింది. ముఖంలో నవ్వు కూడా దానితోపాటు దిగిపోయింది. అక్కని చూసింది. పిచ్చుకని చూసింది. ఒక్కదాన్నే అన్నారు కదా నాతో అంది. అమ్మా నాన్నా ఆఫీసులో అన్నారు. నేను మీ చెయ్యి పట్టుకుని కన్నీళ్ళు పెట్టుకున్నాను అంది.

"నాకు దీపం వంకరపోయినా ఫర్వాలేదు, బాగుచేసుకుంటాం," అంది ఇంటావిడ మెల్లగా. "మాట వంకరైన మనిషితో మాత్రం నేను పనిచేయలేను. ఏది నిజం?"

తన చేతిలో ఉన్న అక్క చెయ్యి మెత్తగా వదిలించుకోవడం పిచ్చుకకి తెలిసింది. అక్క ఒకడుగు ముందుకి వేసి, మళ్ళీ చేతులు కట్టుకుంది. ముఖం నిండా అదే మామూలు నవ్వు.

"మేడంగారిది పెద్ద మనసండీ. దగ్గర పనిచేసేవాళ్ళందర్నీ సొంత అక్క అనే అంటారు."

హాల్లో గాలి తేలికైంది. ఇంటావిడ ముఖం విచ్చుకుంది. గుండె మీద చెయ్యి వేసుకుని, నిజంగానే అనుకుని కంగారుపడిపోయానమ్మా అని నవ్వింది. పిచ్చుక మాత్రం కదలలేకపోయింది. అక్క జీవితంలో అబద్ధమాడగా ఆమె వినలేదు. కూర నచ్చకపోతే వండినవాళ్ళ మొహం మీదే చెప్పే మనిషి. అలాంటి మనిషి తన చెల్లెలి మాట నిలబెట్టడానికి, తన చెల్లెలు కాదని చెప్పింది. తిట్టి ఉంటే బావుండేది. చెంప పగలగొట్టి ఉంటే ఇంకా బావుండేది.

అక్క ఇంటావిడకి వస్తానండీ అని చెప్పింది. మేడంకీ చెప్పింది. సంచీ భుజాన వేసుకుని గుమ్మం వైపు నడిచింది. వెనక్కి చూడలేదు. గుమ్మం బయట మెట్టు మీద చెప్పులు వెతుక్కుంటోంది.

ఇంటావిడ పిచ్చుక భుజం మీద చెయ్యి వేసింది. ఆవిడకి అనుమానం పూర్తిగా పోయినట్టు లేదు. లేదా, పోయిందని నమ్మకంగా వినాలనుకుందో ఏమో.

"అంతేనా?" అని అడిగింది. "ఆవిడ చెప్పిందేనా నిజం?"

అవునంటే ప్రతి గదిలోనూ తన దీపం వెలుగుతుంది. కాదంటే తనతోపాటు అక్క కూడా ఈ ఇంట్లో అబద్ధాలకోరు అవుతుంది. పిచ్చుక గుమ్మంకేసి చూసింది. బయట అక్క ఒక కాలికి చెప్పు వేసుకుంది. రెండోది వేసుకోకుండా, అటు తిరిగే, ఆగి నిలబడింది.